అప్‌డేట్: యూకేకే మొగ్గాను

ఎంఎస్ జనరల్ సర్జరీ అయ్యాక ట్రైనింగ్‌కి యూకే వెళ్లాలా, అమెరికాలో అబ్జర్వర్‌షిప్ చేయాలా అని మార్చిలో అడిగాను కదా. చివరికి యూకేనే. అమెరికా అబ్జర్వర్‌షిప్‌లో చేతులు కట్టుకుని చూడటమే, పేషెంట్‌ను ముట్టుకోనివ్వరు. యూకే మెడికల్ ట్రైనింగ్ ఇనిషియేటివ్‌లో (విదేశీ డాక్టర్లకు కొంతకాలం ట్రైనింగ్ ఇచ్చే స్కీమ్) అయితే జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆపరేషన్ థియేటర్‌లో మనమూ స్క్రబ్ అవుతాం, అంటే చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుని సర్జరీలో పాల్గొంటాం. రాయల్ కాలేజీ (అక్కడి స్పెషలిస్టు డాక్టర్ల సంస్థ) స్పాన్సర్ చేస్తే ప్లాబ్ (విదేశీ డాక్టర్లకు జీఎంసీ పెట్టే పరీక్ష) రాయక్కర్లేదు.

ఇంగ్లిష్ పరీక్ష మాత్రం తప్పదు. ఓఈటీలో (వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) నాలుగు విభాగాల్లోనూ కనీసం బి గ్రేడ్ రావాలి. మొదటిసారి రైటింగ్‌లో పోయింది (రోజూ డిశ్చార్జ్ సమ్మరీలు రాసేవాణ్ని, అదీ సిగ్గు!). రెండోసారి గట్టెక్కాను.

ఉండేది గరిష్ఠంగా 24 నెలలే, ఆ తర్వాత వెనక్కి రావాలి. అమ్మకు నచ్చింది ఆ ఒక్క రూలే. ఇప్పుడు వీసా కాగితాల టెన్షన్ నడుస్తోంది.