పసిబిడ్డకు థైరాక్సిన్ మాత్ర: ఎలా నూరాలి, ఎప్పుడు వేయాలి, రిపోర్టు ఎలా చూడాలి

ఏలూరు_అమ్మ:
పాప వయసు 11 రోజులు, బరువు 2.9 కిలోలు. పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువ అని తేలింది. రోజుకు 37.5 మైక్రోగ్రాములు రాశారు. షాపులో 25 మైక్రోగ్రాముల మాత్రలే ఉన్నాయట. ఒకటిన్నర మాత్ర ఇంత పసిదానికి ఎలా వేయాలి? సిరప్ రాదా? డోసు ఎక్కువని, మందు అలవాటు పడిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారు.

వార్డు_నర్సు:
డోసు సరిగ్గానే ఉందండీ. ఈ వయసులో కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు వేస్తారు, మీ పాపకు దాదాపు 13 పడుతోంది. పెద్దవాళ్లకు కిలోకు 1.6 సరిపోతుంది కాబట్టి పక్కింటావిడ మాత్రతో పోల్చుకుంటే ఎక్కువ అనిపిస్తుంది. అలవాటు పడడమనేది దీనికి లేదు. గ్రంథి చేయాల్సిన హార్మోనే ఇది, చేయడం లేదు కాబట్టి బయటి నుంచి ఇస్తున్నాం. మొదటి రెండు మూడేళ్లలో మెదడు ఎదుగుదల దీని మీదే ఆధారపడి ఉంటుంది. రెండు వారాలు నిండకముందే మొదలుపెట్టడం ముఖ్యం. నెల ఆగి చూద్దామంటే దయచేసి ఒప్పుకోకండి, ఈ రోజే వేయండి.

వేసే పద్ధతి: రెండు పొడి స్టీలు చెంచాల మధ్య మాత్రను మెత్తగా నలపండి. అదే చెంచాలో 1 నుంచి 2 మి.లీ. పిండిన తల్లిపాలు గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ కలపండి. పాప తల కాస్త ఎత్తుగా పట్టుకుని, ఉగ్గుగిన్నెతోనో డ్రాపర్‌తోనో బుగ్గ పక్కగా కొంచెం కొంచెంగా పోయండి. ఆ తర్వాత చేసే పనే చాలామంది మరిచిపోతారు: చెంచాకు, గిన్నె అడుక్కు తెల్లగా పొడి అంటుకుని ఉంటుంది. ఇంకో మి.లీ. పాలు పోసి కడిగి అది కూడా తాగించండి. ఇంత చిన్న మాత్రలో ఆ అంటుకున్నదే చెప్పుకోదగ్గ భాగం. పాలసీసాలో మాత్రం కలపకండి, సగం పాలు వదిలేస్తే సగం మందు పోయినట్టే.

రోజూ ఒకే వేళకు వేయండి. పాలు పట్టడానికి అరగంట ముందైతే మంచిది. ఆకలికి ఏడుస్తుంటే పట్టు పట్టొద్దు, రోజూ ఒకే తీరుగా వేస్తే డోసును దానికి తగ్గట్టు సర్దుతారు. అరగంట లోపే కక్కేస్తే మళ్లీ వేయండి. ఒక పూట మరిచిపోతే ఆ రోజులో గుర్తొచ్చినప్పుడు వేసేయండి.

ఫార్మసీ_వరంగల్:
12.5 మాత్ర కూడా వస్తుందండీ, అడిగి తెప్పించుకోండి. 25 ఒకటి, 12.5 ఒకటి వేస్తే విరిచే బాధే ఉండదు. దొరక్కపోతే మధ్యలో గీత ఉన్న మాత్రను మాత్రలు కోసే డబ్బాతో రెండు చేసి, మిగిలిన సగం మర్నాడు వాడేయండి.

మాత్రలు నూరి నీళ్లలో కలిపి వారానికి సరిపడా "సిరప్" చేసిపెట్టడం అస్సలు వద్దు. పొడి అడుక్కు దిగిపోతుంది, మందు బలమూ తగ్గుతుంది. మొదటి రోజు తక్కువ, చివరి రోజు ఎక్కువ పడుతుంది. గాలి, తేమ, వెలుతురు పడవు కాబట్టి మాత్రలు వచ్చిన సీసాలోనే ఉంచండి. వంటింటి గట్టు మీద వద్దు. కంపెనీ మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పండి, 4 నుంచి 6 వారాలకు ఒకసారి పరీక్ష చేయిస్తారు.

ఐరన్ చుక్కలు, కాల్షియం సిరప్ రాస్తే వాటికీ ఈ మాత్రకూ 4 గంటల ఎడం ఉండాలి. సోయా పాలపొడి కూడా మందును ఒంటికి పట్టనివ్వదు.

ల్యాబ్_మిత్ర:
రిపోర్టు దగ్గర గందరగోళం ఎక్కువ. పుట్టిన మొదటి రోజు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పని చేయమని మెదడు దగ్గరి గ్రంథి పంపే హార్మోన్) 60, 80 దాకా ఎగబాకడం సహజం. అందుకే మడమ రక్తం 48 గంటలు దాటాక, వీలైతే 72 గంటలకు తీస్తారు. తొందరగా డిశ్చార్జి చేసి ముందే తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. ఇంకొకటి, మడమ రక్తం అద్దే కార్డు మీది చుక్క అంకె, నరం నుంచి తీసిన సీరం (రక్తం గడ్డకట్టాక తేరే ద్రవం) అంకె ఒకటి కావు. మొదటిదాన్ని సుమారు 2.2తో గుణిస్తే రెండోది వస్తుంది. కార్డులో 20 అంటే సీరంలో 44 అన్నమాట. "నిన్న 20, ఇవాళ 44, రెట్టింపైంది" అని కంగారు పడక్కర్లేదు.

రిపోర్టు పక్కన అచ్చయ్యే నార్మల్ రేంజ్ తరచూ పెద్దవాళ్లది. పసివాళ్లకు ఎఫ్‌టీ4 (రక్తంలో విడిగా ఉండే థైరాక్సిన్) ఎక్కువే ఉండాలి. రక్తం ఇచ్చే రోజు మాత్ర వేయకముందే రండి, లేదా వేసి 4 గంటలయ్యాక రండి. బయోటిన్ అనే విటమిన్ ఉన్న చుక్కలు వాడుతుంటే ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో ఎఫ్‌టీ4 లేనిపోనిదిగా ఎక్కువ, టీఎస్‌హెచ్ తక్కువ చూపిస్తాయి.

వార్డు_నర్సు:
మొదలుపెట్టిన 2 వారాలకు మొదటి పరీక్ష. అప్పటికి ఎఫ్‌టీ4 సర్దుకుంటుంది, టీఎస్‌హెచ్ దిగడానికి ఇంకొన్ని వారాలు పట్టవచ్చు. అది ఒక్కటే చూసి సొంతంగా డోసు పెంచకండి. ఎఫ్‌టీ4 ఆ వయసు రేంజ్‌లో పై సగంలో ఉండాలి. నిద్రలేమి, ఎడతెగని చిరాకు, విరేచనాలు, బరువు పెరగకపోవడం కనిపిస్తే డోసు ఎక్కువైందేమో అడగండి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ కిలో లెక్క తగ్గుతుంది: ఏడాది దాటాక 5, 6 చాలు.

వినికిడి పరీక్ష కూడా చేయించండి, ఈ పిల్లల్లో వినికిడి లోపం మామూలు కంటే ఎక్కువ. బొడ్డుకు పోవిడోన్ అయోడిన్ రాస్తుంటే ఆపేసి డాక్టరుకు చెప్పండి, ఆ అయోడిన్ వల్ల గ్రంథి కొన్నాళ్లు మందగించే అవకాశం ఉంది.

ఏలూరు_అమ్మ:
జీవితాంతం వేయాలా?

వార్డు_నర్సు:
స్కాన్‌లో గ్రంథి లేకపోయినా, ఉండాల్సిన చోట కాక నాలుక మొదట్లోనో మరెక్కడో ఉన్నా జీవితాంతమేనండీ. గ్రంథి ఉండాల్సిన చోటే ఉంటే 3 ఏళ్లు నిండాక డాక్టరు చెబితే 4 వారాల పాటు ఆపి మళ్లీ రక్తం చూస్తారు. అప్పటిదాకా పాప హుషారుగా ఉందని మీరుగా ఒక్క వారం కూడా ఆపకండి. స్కాన్ కోసమని మందు మొదలుపెట్టడం వాయిదా వేయడమూ వద్దు, అల్ట్రాసౌండ్ తర్వాతైనా తీయవచ్చు.