బీపీ మాత్ర సొంతంగా మానేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా?

తణుకు అమ్మాయి:
నాన్నకు 61. మూడేళ్లుగా అమ్లోడిపిన్ 5 వేసుకునేవారు. సంక్రాంతికి చూపించుకుంటే 126/80 వచ్చింది. తగ్గిపోయిందిగా అని మానేశారట, మాకు చెప్పలేదు. పోయిన నెల పొద్దున్నే కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. పక్షవాతం. పదకొండు రోజులు ఆస్పత్రిలో, మూడు లక్షల పైన అయింది. తగ్గింది ఆ మాత్ర వల్లేనని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. మీ ఇళ్లల్లో ఎలా చెప్తున్నారు?

సిద్దిపేట సార్:
మా అత్తమ్మకు షుగర్. మాత్రలు సరిగ్గా వేసుకోదు. నీరసం అంటూ ఆర్‌ఎంపీ దగ్గర నెలకు రెండు సెలైన్లు ఎక్కించుకుంటుంది, ఒక్కోటి 400. వద్దంటే ఏడుస్తుంది.

కోనసీమ కుర్రాడు:
ఆర్‌ఎంపీలను అనకండి. మా ఊరికి పీహెచ్‌సీ తొమ్మిది కిలోమీటర్లు. అమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్న రాత్రి ఆ సీసాయే నిలబెట్టింది.

మందులషాపు 22 ఏళ్లు:
22 ఏళ్లుగా కౌంటర్‌లో ఉన్నవాణ్ణి, నా మాట వినండి. ఒంట్లో నీళ్లు పోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. నీరసానికి ఎందుకు? అరలీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లే. 5 శాతం గ్లూకోజ్ అయితే అరలీటరుకు 25 గ్రాముల చక్కెర. సిద్దిపేట సార్, మీ అత్తమ్మకు ఎక్కించేది ఏది?

సిద్దిపేట సార్:
సీసా మీద డీఎన్‌ఎస్ అని ఉంది.

మందులషాపు 22 ఏళ్లు:
అందులో ఉప్పూ ఉంది, చక్కెరా ఉంది. వెంటనే ఆపించండి.

కోనసీమ కుర్రాడు:
ఇంత తెలిసిన మీరు డాక్టరు చీటీ లేకుండా సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ ఎంతమందికి ఇచ్చారు? స్ట్రిప్పు మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా వాడకూడదని ఒక్కరికైనా చెప్పారా?

మందులషాపు 22 ఏళ్లు:
మొదట్లో ఇచ్చాను, దాచను. 2014లో దాన్ని హెచ్1లో, అంటే చీటీ చూసి, రాసుకుని మరీ అమ్మాల్సిన మందుల జాబితాలో పెట్టాక, చీటీ చూసి రిజిస్టరులో రాస్తున్నా. ఇవ్వనంటే పక్క షాపుకి పోతున్నారు. వాళ్లనీ అడగండి.

డల్లాస్ నుంచి:
మా మామయ్య డబ్బు చాలక బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేవారట. సర్కారు వాళ్ల జనరిక్ మందుల షాపు జన ఔషధిలో, కంపెనీ బ్రాండు పేరు లేకుండా, అదే మందు సగం కంటే తక్కువకు దొరికింది. జనరిక్ అంటే నాసిరకం అని ఆయనకు ఎవరు నూరిపోశారో!

ఏఎన్‌ఎం పద్మజ:
గొడవ చాలించండి, ఆ అమ్మాయి అడిగింది వేరు. నేను మాత్రల కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీస్తాను. బీపీ మాత్రకు ఎర్ర స్కెచ్ పెన్. చెప్పడం అయ్యాక "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు పెద్దమ్మా" అంటాను. సరే అని తలూపిన వాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. మళ్లీ మొదట్నుంచి చెప్తాను. ఒక పక్షవాతం కేసు సర్కారు ఆస్పత్రిలో పది రోజులు మంచం పట్టుకుంటే, ఆ మంచం కోసం వరండాలో ఇంకొకరు చాప వేసుకుని ఉంటారు. అది రోజూ చూస్తున్నా.

తణుకు అమ్మాయి:
నాన్న పోస్టాఫీసులో చేశారండీ, చదువు లేక కాదు. నిన్న మీరన్నట్టే తిరిగి చెప్పమన్నాను. మాట ఇంకా కూడుకోలేదు. "రోజూ... మానకూడదు" అనడానికి చాలాసేపు పట్టింది.

సిద్దిపేట సార్:
అత్తమ్మకు ఇప్పుడే షుగర్ చూశాం, 318 ఉంది. పొద్దున్నే పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా. మందులషాపు గారూ, పాత చీటీలన్నీ పట్టుకెళ్లాలా?