పర్మాంగనేట్‌లో డి ఎలక్ట్రాన్లే లేవు, మరి ఆ ఊదా రంగు ఎక్కడిది?

నమస్కారమండీ. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పరివర్తన మూలకాల పాఠంలో ఒకచోట ఇరుక్కుపోయాను.

డి ఆర్బిటాళ్లలో (పరమాణువులో ఎలక్ట్రాన్లుండే ఒక రకం చోట్లు) ఒంటరి, అంటే జత లేని ఎలక్ట్రాన్లుంటే అయాన్‌కు రంగు వస్తుందని క్లాసులో చెప్పారు. స్కాండియం 3+ లో డి ఎలక్ట్రాన్లు లేవు, రంగు లేదు. జింక్ 2+ లో పదీ నిండిపోయాయి, దానికీ లేదు. కాపర్ 2+ లో తొమ్మిది, నీలం. ఇంతవరకు బాగానే ఉంది.

నిన్న ల్యాబ్‌లో ఆక్జాలిక్ ఆమ్లంతో పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ (బ్యూరెట్ అనే గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా ఫ్లాస్క్‌లోని మరో ద్రావణంలో కలపడం) చేశాం. బ్యూరెట్‌లో ద్రావణం ఎంత ముదురుగా ఉందంటే, ద్రవ మట్టం వంపు కింది అంచు కనపడక పై అంచు చూసి రీడింగ్ రాసుకున్నాం. అందులో మాంగనీస్ ఆక్సీకరణ స్థితి +7, అంటే డి ఎలక్ట్రాన్లు సున్నా. రూలు ప్రకారం రంగే ఉండకూడదు కదా! ఇక ఫ్లాస్క్‌లో తయారైన మాంగనీస్ 2+ లో ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లున్నా చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంది. అంతా తలకిందులు.

సార్‌ని అడిగితే "ఛార్జ్ ట్రాన్స్‌ఫర్, పరీక్షకు అక్కర్లేదు" అన్నారు. (మొదటి చుక్కల రంగు మెల్లగా పోయి, తర్వాతవి పడగానే మాయమవడం స్వయం ఉత్ప్రేరణ అట, అంటే తయారైన మాంగనీస్ 2+ తానే చర్యను వేగం చేస్తుందట. అది అర్థమైంది.)

ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ అంటే ఆక్సిజన్ నుంచి మాంగనీస్‌కు ఎలక్ట్రాన్ వెళ్తుందంటున్నారు, మరి వెళ్లి అక్కడే ఉండిపోతుందా? మాంగనీస్ 2+ రంగు అంత వెలిసిపోయినట్టు ఎందుకుంటుంది? డైక్రోమేట్ నారింజ రంగుకూ కారణం ఇదేనా? తెలిసినవాళ్లు కాస్త ఇంటర్ స్థాయిలో చెప్పండి, ప్లీజ్.