ఒక మిల్లీమీటరు గుడ్డుకు ఏ మాక్రో లెన్స్ తీసుకోవాలి?

ప్రశ్న (జయనగర్):
అందరికీ నమస్కారం. మా బాల్కనీలోని కరివేపాకు మొక్క లేత ఆకుల మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడుతున్నాయి. ఒక్కొక్కటి దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. లేత పసుపు రంగు గుడ్డు పొదిగే ముందు నల్లబడే తీరును దగ్గరగా ఫొటో తీయాలని ఉంది. నా దగ్గర కెనాన్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్ కెమెరా, 100 ఎంఎం మాక్రో (అతి దగ్గరి ఫొటోల లెన్స్) ఉన్నాయి. అది 1:1 (సెన్సర్ మీద వస్తువు అసలు సైజులోనే పడటం, అంటే ఒక రెట్టు) దాటదు కనుక గుడ్డు చుక్కలా మిగిలిపోతోంది. కెనాన్ ఎంపీ-ఈ 65 కొనాలా, లావోవా 25 ఎంఎం తీసుకోవాలా, లేక ఉన్న లెన్స్ ముందు రేనాక్స్ డీసీఆర్-250 అమర్చుకుంటే చాలా?

జవాబు (మల్లేశ్వరం):
మీ సెన్సర్ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు కాబట్టి, 5 రెట్లలో మీ గుడ్డు ఫ్రేము వెడల్పులో దాదాపు నాలుగో వంతు నిండుతుంది. ఎంపీ-ఈ 1 నుంచి 5 రెట్ల వరకు, లావోవా 2.5 నుంచి 5 రెట్ల వరకు వెళ్తాయి. అయితే రెట్లకన్నా ముందు అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) సంగతి ఆలోచించండి. లెన్స్ మీద కనిపించే ఎఫ్ సంఖ్యను (అది పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), రెట్లకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యతో గుణిస్తే అసలు అపర్చర్ వస్తుంది. 5 రెట్లలో ఎఫ్/2.8 పెడితే అది దాదాపు ఎఫ్/17 లాగా, ఎఫ్/8 పెడితే ఎఫ్/48 లాగా పనిచేస్తుంది. అంతగా మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దాటే కాంతి చెదరడం) వల్ల బొమ్మ మెత్తబడుతుంది. తెరిచి ఉంచితే ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించదు. కాబట్టి గుడ్డు ముందు భాగమంతా స్పష్టంగా కావాలంటే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి, వాటిని స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలపక తప్పదు. అందుకు ఫోకస్ రైలు (కెమెరాను కొద్దికొద్దిగా ముందుకు జరిపే పట్టా), కదలని ఆధారం కావాలి. చేతితో పట్టుకుని చేయగల పని కాదు.

జవాబు (బనశంకరి):
పై లెక్క సరైనదే. అయినా మొదటి కొనుగోలుగా నేను ఎంపీ-ఈని సూచించను. అది 1:1 కన్నా దూరానికి ఫోకస్ కాదు, ఆటోఫోకస్ కూడా లేదు. 5 రెట్లలో లెన్స్ ముందు అంచుకూ గుడ్డుకూ మధ్య 4 సెంటీమీటర్లే మిగులుతాయి, లావోవాదీ దాదాపు అంతే. పైగా లావోవా అపర్చర్‌ను చేత్తోనే తిప్పాలి కనుక, మూసేకొద్దీ మీ వ్యూఫైండర్ చీకటవుతుంది. రేనాక్స్ 8 డయాప్టర్ల (లెన్స్ శక్తి కొలత) క్లోజప్ లెన్స్; మీ 100 ఎంఎం ముందు బిగిస్తే దాదాపు రెండు రెట్లు వస్తుంది, 6-7 సెంటీమీటర్ల దూరమూ దక్కుతుంది. ఆ దూరంలోనే ఫ్లాష్, దాని ముందు బటర్ పేపర్ పట్టేంత చోటు దొరుకుతుంది. మెరిసే గుడ్డు మీద తెల్లటి మచ్చ పడకుండా ఉండాలంటే కాంతి అలా పరుచుకుని రావాలి. గుడ్డు ఒంపునూ రంగునూ చూపించేది ఆ కాంతే. మిగిలిన డబ్బును ఫ్లాష్ మీద పెట్టండి. 5 రెట్లు తప్పనిసరి అనిపిస్తే లావోవాను ముందు అద్దెకు తెచ్చుకుని చూడండి. బెంగళూరులో లెన్స్‌లు అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి.

జవాబు (మల్లేశ్వరం):
రెండు రెట్లతో మొదలుపెట్టమన్న మాటతో ఏకీభవిస్తాను. ఇంకొక్క సూచన: మొక్క కుండీలోనే ఉంది కదా, గాలి తగలని గదిలోకి తెచ్చి, ఆ ఆకు కాడను క్లిప్పుతో కర్రకు పట్టించండి. గుడ్డు కొద్ది రోజుల్లోనే పొదుగుతుంది కనుక లెన్స్ వచ్చేలోగా ఈ ఏర్పాటు సిద్ధం చేసుకోండి.