క్రిస్మస్ సినిమాల్లో ‘ఆపోజిట్స్ అట్రాక్ట్’: తెలుగులో ఏమందాం?

సబ్‌టైటిళ్ళ అనువాదకురాలు

అందరికీ నమస్కారం. అమెరికా, కెనడా క్రిస్మస్ ప్రేమకథలు తెలుగు చేసేవాళ్ళందరికీ తగిలే మాట ఇది. కథల సంగతి తెలిసిందే. మహానగరంలో ఉద్యోగం తప్ప వేరే ధ్యాస లేని అమ్మాయి, మంచు కురిసే చిన్న ఊళ్ళో వడ్రంగమో బేకరీయో చేసుకునే అబ్బాయి. మొదటి పది నిమిషాల్లో గొడవ, క్రిస్మస్ ముందురోజు రాత్రి ముద్దు. నడుమ ఎక్కడో నాయనమ్మో స్నేహితురాలో నవ్వుతూ ‘ఆపోజిట్స్ అట్రాక్ట్’ అంటుంది. రెండే మాటలు, పలకడానికి సెకను పడుతుంది.

‘వ్యతిరేకులు ఆకర్షించుకుంటారు’ అని రాస్తే తప్పు పట్టలేరు గాని, అలా ఏ నాయనమ్మా అనదు. పైగా ‘వ్యతిరేకులు’ అంటే ఎన్నికల వార్త చదివినట్టుంటుంది. మామూలుగా పాటించే కొలతలు: రెండు వరుసలకు మించకూడదు, వరుసకు 42 క్యారెక్టర్లు, తెరమీద కనీసం 20 ఫ్రేములు, అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన సెకనులో ఆరింట అయిదు వంతులు. గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయని మర్చిపోకండి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు.

భౌతికశాస్త్రం మాస్టారు

మాటకు మూలం అయస్కాంతమే కదమ్మా. బడి పుస్తకాల్లో ‘సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి’ అని ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది. ‘విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి’ 32 క్యారెక్టర్లు, వరుసలో పడుతుంది. అయితే ఆ మాట అనే మనిషి టీచరో, సైన్సు పిచ్చి ఉన్న తమ్ముడో అయితేనే నప్పుతుంది. ఇంకో జాగ్రత్త: మనుషుల గురించి చెప్పేటప్పుడు ‘ధ్రువాలు’ తీసేసి ‘విజాతి’ ఒక్కటే ఉంచకండి. అది కులం మాటగా వినబడుతుంది.

వరంగల్ దిక్కు నుంచి

అక్కా, ‘ఎడ్డెమంటే తెడ్డెం’ అనరాదూ? ఒకలు ఎడ్డెమంటే ఇంకొకలు తెడ్డెమంటరు, సిన్మా మొదటి సగమంత గదే నడుస్తది. కాకపోతే అండ్ల ప్రేమ లేదు, మొండితనమే ఉన్నది. కొట్లాట సీన్లకు పెట్టుకో, నాయనమ్మ మాటకు వద్దు.

కోనసీమ సభ్యురాలు

‘ఉప్పూ నిప్పూ’ అందరికీ ముందు తట్టే మాట. అదెందుకు పుట్టిందో కాస్త దగ్గరగా చూడాలండి. కల్లుప్పు గుప్పెడు తీసి నిప్పుల మీద వేస్తే చిటపటమంటూ ఎగిరిపడుతుంది. ఉప్పుగల్లు పెరిగేటప్పుడే దాని లోపల సన్నని చుక్కల్లా నీరు చిక్కుకుపోతుంది. వేడికి ఆ నీరు ఆవిరై, బయటికి దారి లేక గల్లును పగలగొడుతుంది. అందుకే మెత్తని పొడి ఉప్పు అంతగా పేలదు, పెద్ద గల్లు బాగా పేలుతుంది. దిష్టి తీసి ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో వేసేవాళ్ళు వినేది ఆ చప్పుడే. కోపిష్టి మనిషిని ‘చిటపటలాడుతోంది’ అనేది కూడా దాని పోలికతోనే అనిపిస్తుంది.

కాబట్టి ఆ ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతుందో ఈ మాట చక్కగా చెబుతుంది. ఎందుకు కలిశారో మాత్రం చెప్పదు. ‘ఉప్పూ నిప్పులా ఉండేవాళ్ళు’ అన్నాక ‘ఇప్పుడు చూడు’ అనో ‘ఒకటయ్యారు’ అనో ఇంకో ముక్క కలపాల్సిందే.

రాసేటప్పుడు ‘ఉప్పు మరియు నిప్పు’ అని మాత్రం రాయకండి, చేతులు జోడించి అడుగుతున్నాను. చివరి అచ్చును సాగదీస్తే చాలు, ఆ దీర్ఘమే ‘మరియు’ చేయాల్సిన పని చేసేస్తుంది.

డబ్బింగ్ మాటల రచయిత

సబ్‌టైటిల్ సంగతి వేరు, డబ్బింగ్‌లో పెదవులు మనల్ని నిలదీస్తాయి. ప, ఫ, బ, భ, మ పలికితే రెండు పెదవులూ మూతపడతాయి. ముఖం తెరనిండా ఉన్నప్పుడు ఇంగ్లీషులో ఎక్కడ మూతపడ్డాయో తెలుగులోనూ అక్కడే మూతపడాలి. ‘ఆపోజిట్స్ అట్రాక్ట్’ అనేటప్పుడు రెండో అక్షరం దగ్గర, ‘పో’ మీద, ఒక్కసారే మూత. ఆ తర్వాత పెదవులు తెరుచుకునే ఉంటాయి. మొత్తం అయిదు అక్షరాల ఊపిరి.

ఇప్పుడు ‘ఉప్పూ నిప్పూ’ పలికి చూడండి. మొదటి మూత సరిగ్గా అక్కడే పడుతుంది, నిడివీ దాదాపు సమానం. రెండో ‘ప్పూ’ దగ్గర మాత్రం ఇంగ్లీషులో మూత లేదు. ఆ క్షణానికి ఆవిడ తల తిప్పితేనో, కాఫీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుంటేనో దొరకదు. నేరుగా కెమెరా వైపు చూస్తుంటే దొరికిపోతుంది. ‘విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి’ డబ్బింగ్‌కు పనికిరాదు. పెదవి మూత ఒక్కటీ లేదు, సెకనులో ఇరికించబోతే కళాకారుడికి ఊపిరి అందదు.

తెలుగు కవి మరింగంటి సింగరాచార్యులు పెదవి తగలని అక్షరాలతోనే రామకథ రాశారు. ‘రామ’ అనే పేరులోనే ‘మ’ ఉంది, ఆ పేరు రాకుండా కావ్యమంతా నడిపారన్నమాట. మూతలు ఎక్కడ పడాలో చూసుకుంటూ మాటలు ఏరే విద్య మనకు కొత్త కాదు.

ప్రబంధాలు చదివే పెద్దాయన

చిలకాగోరింకలను మర్చిపోయారా? అన్యోన్యంగా ఉండే జంటను తెలుగువాళ్ళు రెండు చిలకలనో రెండు గోరింకలనో అనరు. ఒక చిలక, ఒక గోరింక. రంగు, ముక్కు, కూత ఏదీ కలవని వేర్వేరు జాతుల పక్షులవి. నిజానికి చెట్టుతొర్రల కోసం పోటీపడతాయి కూడా. జత చేసింది బహుశా మాటే. రెండూ పలుకులు నేర్చే పక్షులు, కామసూత్రంలోని అరవై నాలుగు కళల్లో శుకశారికా ప్రలాపనం, అంటే చిలకకూ గోరింకకూ మాటలు నేర్పడం, ఒకటి. బాణుడి కాదంబరిలో చిలకా గోరింకా ఆలుమగలై అలిగి పోట్లాడుకుంటాయి కూడా. మీ సినిమా జంట చేసేదీ అదే కదా!

చిక్కు ఏమిటంటే, వాడుకలో అరిగిపోయి ఆ తేడా ఇప్పుడెవరికీ తట్టడం లేదు. ‘చిలకాగోరింకల్లా ఉన్నారు’ అంటే ముచ్చటగా ఉన్నారనే అర్థమవుతుంది, భిన్నంగా ఉన్నారని కాదు. కాబట్టి ఇది సినిమా చివరి పది నిమిషాల మాట.

పచ్చళ్ళ సంగతి తెలిసినావిడ

‘అడవి ఉసిరికాయకూ సముద్రపు ఉప్పుకూ పొత్తు కుదిరినట్టు’ అని సామెత ఉంది కదండీ. ఒకటి కొండకోనల్లో చెట్టున కాసింది, ఇంకొకటి ఉప్పుమడిలో పండింది. ఒకదాని ముఖం ఒకటి చూసే వీల్లేనివి జాడీలో కలుస్తాయి. పట్నం పిల్లా పల్లెటూరి పిల్లాడూ కలిశారంటే మన నోట రావాల్సిన మాట ఇదే.

కిలో పెద్ద ఉసిరికాయలు కడిగి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టాలి. కచ్చాపచ్చాగా దంచి, పావుకిలోకి కాస్త తక్కువగా ఉప్పు, రెండు చెంచాల పసుపు కలిపి జాడీలో వాసెన కట్టాలి. మూడో రోజుకు ఉప్పు కాయలోంచి నీరు లాగేస్తుంది, కాయ మెత్తబడుతుంది, వగరు తగ్గుతుంది. అప్పుడు గింజలు తీసి రుబ్బి ఎత్తిపెట్టుకోవాలి. తడి మిగిలినా, ఉప్పు తగ్గినా బూజు పడుతుంది. ఉసిరిని ఉప్పు తనలాగా మార్చేయదు, దానిలోని వగరును లొంగదీస్తుంది. ఇద్దరి మధ్య జరిగేదాన్ని ఇంతకంటే బాగా చెప్పే పోలిక అయస్కాంతంలో లేదు. ఇంకో విషయం, ఉసిరి కాలం కార్తీకం నుంచి పుష్యం దాకా. సరిగ్గా ఈ సినిమాలు వచ్చే రోజులే.

సబ్‌టైటిళ్ళ అనువాదకురాలు

మీ మాట ఎంత నచ్చిందో చెప్పలేనండి. ‘అడవి ఉసిరీ, సముద్రపు ఉప్పూ!’ 27 క్యారెక్టర్లే. కానీ భయం ఒకటుంది. తెరమీద వెర్మాంట్ మంచు, మేపుల్ సిరప్. కింద ఉసిరికాయ. చూసేవాళ్ళు ఇంగ్లీషు చెవులారా వింటూ ఇది చదువుతారు, అక్కడ కథలోంచి బయటికి వచ్చేయరూ?

డబ్బింగ్ మాటల రచయిత

సబ్‌టైటిల్‌లో వస్తారు. డబ్బింగ్‌లో రారు, ఇంగ్లీషు వినబడదు గనుక. అయితే ఆ వాక్యం పన్నెండు అక్షరాల దాకా పోతుంది, నాయనమ్మ వీపు మనవైపు ఉన్నప్పుడే సరిపోతుంది. అలాంటి షాట్ దొరికితే వదలొద్దు.

డల్లాస్ నుంచి

ఆ రెండు మాటల్ని కాసేపు పక్కన పెట్టి, సినిమా అంతటా ‘యూ’నూ ‘వుయ్’నీ ఏం చేస్తున్నారో చెప్పండి. భిన్నధ్రువాలు దగ్గరయ్యే కథ తెలుగులో నడిచేది సర్వనామాల మీదే. ఇంగ్లీషులో లేని రెండు మెట్లు మనకున్నాయి.

ఒకటి మేము, మనం. ఆమె ‘వుయ్ డోంట్ డూ దట్ ఇన్ న్యూయార్క్’ అంటే ‘మేము’. ఊరి పండుగ గురించి అతను చెప్పినా ‘మేము’. ఇద్దరి ‘మేము’లూ ఒకదానికొకటి గోడ. చెట్టుకు దీపాలు కట్టే సీన్లోనో, బిస్కెట్ల పిండి కలిపే సీన్లోనో ఎవరో ఒకరు మొదటిసారి ‘మనం’ అనాలి. ఇంగ్లీషులో అక్కడా అదే ‘వుయ్’, అనువాదకులు పట్టించుకోకుండా దాటేస్తారు. మొదటి గొడవలోనే ‘మనం’ వాడేస్తే ఆ సీను చచ్చిపోతుంది.

రెండోది మీరు, నువ్వు. కోటు మీద కాఫీ ఒలికిన తొలి గొడవలో చాలామంది ‘నీకు కళ్ళు లేవా’ అని రాస్తారు. అది పొరపాటు. మనవాళ్ళు కొత్తవాళ్ళతో ‘ఏం మనిషండీ మీరు! చూసుకోరా?’ అనే పోట్లాడతారు, ఆ ‘అండీ’లోనే కారం ఉంటుంది. తిట్టు కోసం ‘నువ్వు’ ఖర్చు చేసేస్తే ప్రేమకు ఏమీ మిగలదు. నడిమి సీన్లలో ఎటూ తేలకుండా ఉంచాలంటే మనిషిని చెప్పని క్రియలు వాడండి: ‘వెళ్దామా’, ‘ఇక్కడ పెట్టొచ్చు’, ‘ఇంకాస్త వెన్న పడాలి’. ‘జాక్ గారూ’ అనే అవస్థ కూడా తప్పుతుంది. ‘నువ్వు’ ఒకే ఒక్కచోట మొదలవాలి, దానికి కారణం కనబడాలి. ఆమె చేయి కాలడమో, అతను తన తల్లి గురించి చెప్పడమో. ఇక ముప్పావు సినిమా దగ్గర ఎలాగూ అపార్థం వస్తుంది, అప్పుడు ఆమె మళ్ళీ ‘మీరు’ అంటే చాలు. వేరే డైలాగు అక్కర్లేదు.

దీనికి పరీక్ష పెట్టే సినిమా 1940లో దర్శకుడు లూబిచ్ తీసిన ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’. బుడాపెస్ట్ దుకాణంలో ఇద్దరు ఉద్యోగులు పగలంతా కొట్టుకుంటారు, ఒకరికొకరు పేరు తెలియకుండా ఉత్తరాలు రాసుకునేదీ వాళ్ళే. దుకాణంలో మిస్ నోవాక్, మిస్టర్ క్రాలిక్ అనే పిలుపులే, కాబట్టి ‘మీరు’. ఉత్తరాల్లో ‘డియర్ ఫ్రెండ్’. అక్కడ ‘నువ్వు’ రాస్తే మనిషి ఇద్దరిగా చీలతాడు, చివర క్రిస్మస్ ముందురోజు రాత్రి గుట్టు విప్పే సీనుకు అర్థం వస్తుంది. అక్కడా ‘మీరు’ రాస్తే మార్పంతా ఆ ఒక్క చివరి సీను మీద పడుతుంది. నా ఓటు రెండోదానికే, స్నేహం కాగితం మీదిది గనుక. దాని మూలం హంగేరియన్ నాటకం, ఆ భాషలోనూ మీరు–నువ్వు తేడా ఉంది.

వరంగల్ దిక్కు నుంచి

సోదరా, మేము–మనం ముచ్చట మస్తు చెప్పినవ్. అక్కా, గిట్లైతే ఎట్లుంటదో చూడు: ‘పడనివాళ్ళకే ముడి పడుతుంది’. పడకపోవుడు, ముడిపడుడు, రెండిట్ల ‘పడు’ ఒక్కటే.

సబ్‌టైటిళ్ళ అనువాదకురాలు

తమ్ముడూ, దొరికింది! 25 క్యారెక్టర్లు. ఉసిరికాయలా కథలోంచి బయటికి లాగదు, అయస్కాంతంలా పాఠం చెప్పదు. ‘ముడి’ అంటే మూడుముళ్ళు గుర్తొస్తాయి గనుక పెళ్ళి మాట ముందే చెప్పినట్టవుతుందేమో అని ఒక్క నిమిషం ఆగాను. కానీ ఆ మాట అనే నాయనమ్మ ఉద్దేశం కూడా అదే కదా.

డబ్బింగ్ మాటల రచయిత

సబ్‌టైటిల్‌కు ఖాయం చేయండి. డబ్బింగ్‌కు పన్నెండు అక్షరాలంటే ఎక్కువే, పైగా ‘ము’, ‘ప’ దగ్గర అనవసరపు మూతలు. ముఖం కనబడే షాట్‌లో ‘ఉప్పూ నిప్పూ’ ఉంచి, షాట్ మారి మంచు కురిసే వీధి చూపిస్తున్నప్పుడు ‘పడనివాళ్ళకే ముడి పడుతుంది’ ఆవిడ గొంతులోనే వేస్తే రెండూ నిలుస్తాయి.

సబ్‌టైటిళ్ళ అనువాదకురాలు

అలాగే చేస్తాను. దీపాలు కట్టే సీన్లో ‘మనం’ ఎవరు ముందు అనాలో చూడ్డానికి ఫైలు మళ్ళీ మొదటినుంచి తెరుస్తున్నాను. ఇప్పుడున్న కాపీలో నాలుగో నిమిషంలోనే పడి ఉంది.