500 మంది విద్యార్థులకు పీహెచ్‌క్యూ-9 పెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
కాలేజీలో 500 మందికి డిప్రెషన్ స్క్రీనింగ్ చేయాలనుకుంటున్నాం. పేరు అడిగితే నిజం రాయరేమోనని, పీహెచ్‌క్యూ-9ను (డిప్రెషన్ లక్షణాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు) పేరు లేకుండా గూగుల్ ఫామ్‌లో పంపే ఆలోచన ఉంది. ఉన్నది ఒక్క కౌన్సెలరే. స్కోరు 10, ఆపైన వస్తే వచ్చి కలవమని ఫామ్ చివర రాస్తే సరిపోతుందా?

జవాబు 1:
పేరు లేకుండా అయితే 9వ ప్రశ్న పెట్టకండి. చచ్చిపోతే బాగుండుననీ, తనను తాను గాయపరచుకోవాలనీ ఆలోచనలు వస్తున్నాయా అని అడిగేది అదే. ఒక విద్యార్థి రాత్రి 11 గంటలకు అక్కడ ‘దాదాపు రోజూ’ అని నొక్కి పంపితే, పొద్దున షీట్‌లో 3 అన్న అంకె కనబడుతుంది. అది ఎవరిదో కనుక్కునే దారి ఉండదు. కాలేజీ మొత్తం పరిస్థితి తెలిస్తే చాలనుకుంటే, ఆ ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 వాడండి.

ఒక్కొక్కరికీ సాయం అందాలంటే మాత్రం కోడ్ నంబర్లు ఇవ్వండి. ఏ కోడ్ ఎవరిదన్న జాబితా కౌన్సెలర్ దగ్గరే ఉండాలి, వార్డెన్‌కో లెక్చరర్లకో వెళ్లకూడదు. ఆ మాట ఫామ్ మొదట్లోనే రాయండి. 9వ ప్రశ్నకు 0 కాక ఏది పెట్టినా, మొత్తం స్కోరు 6 వచ్చినా సరే, అదే రోజు మాట్లాడాలి. అందుకే ఫామ్ పగటిపూట, కౌన్సెలర్ ఉన్న గంటల్లోనే తెరవండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు, అలా జరగదు.

జవాబు 2:
‘వచ్చి కలవండి’ అని రాస్తే, బాగా కుంగిపోయినవాళ్లే రారు. లేచి వెళ్లే ఓపిక లేకపోవడం ఆ జబ్బు లక్షణమే కదా. కౌన్సెలరే పిలవాలి.

ఇక లెక్క చూడండి. 2001లో వచ్చిన మూల అధ్యయనంలో 10 కటాఫ్ దగ్గర సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుందన్నది) 88%, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలేస్తుందన్నది) 88%. మీ 500 మందిలో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. వాళ్లలో 44 మంది దొరుకుతారు, 6 గురు తప్పిపోతారు. మిగతా 450 మందిలో 54 మందికి జబ్బు లేకపోయినా 10, ఆపైన వస్తుంది. అంటే పిలవాల్సింది 98 మందిని, అందులో సగానికి పైగా డిప్రెషన్ లేనివాళ్లే. కాబట్టి స్కోరు చూసి ‘నీకు డిప్రెషన్ ఉంది’ అని ఎవరికీ చెప్పకూడదు.

ప్రశ్న వేసినవారు:
రోజుకు నలుగురితోనే కూర్చోగలరు. 98 మంది అంటే 25 పనిదినాలు!

జవాబు 2:
అందుకే ఒకేసారి 500 మందికి వద్దు. 40 మంది చొప్పున పెట్టండి, సుమారు 8 మంది తేలతారు, రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ ఎనిమిది మందిలో 20, ఆపైన వచ్చినవాళ్లను ముందు పిలవండి. ఫామ్ అడుగున, ఈ ఇబ్బందుల వల్ల పనులు ఎంత కష్టమవుతున్నాయని ఒక ప్రశ్న ఉంటుంది. స్కోరులో కలవదని చాలామంది దాన్ని తీసేస్తారు. ఉంచండి. 12 వచ్చిన ఇద్దరిలో క్లాసుకే వెళ్లలేకపోతున్నది ఎవరో చెప్పేది అదే.

జవాబు 3:
పరీక్షల వారంలోనూ, అవి ముగిసిన రెండు వారాల్లోనూ పెట్టకండి. ఫామ్ అడిగేది గత రెండు వారాల సంగతి. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, ఈ నాలుగింటికే 12 వరకు వచ్చేయొచ్చు. ఆసక్తి తగ్గడం, దిగులు గురించిన మొదటి రెండు ప్రశ్నలకు 0 పెట్టి ఈ నాలుగింటికే మార్కులు పడితే, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో అడగండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలకు డాక్టరు దగ్గరికి పంపండి. రక్తహీనత నీరసం కూడా ఆ ఫామ్‌లో అచ్చం డిప్రెషన్‌లాగే కనబడుతుంది.