స్విఫ్ట్‌కి లోయరింగ్ స్ప్రింగులు: పాత ప్యాడ్లు ఉంచొచ్చా?

ప్రశ్న (భీమవరం): స్విఫ్ట్‌ని 30 మి.మీ. దించే స్ప్రింగులు వేయిద్దామనుకుంటున్నా. స్ప్రింగు రబ్బరు ప్యాడ్లు పాతవే సరిపోతాయా? మన కాలవగట్టు రోడ్ల మీద కింద తగులుతుందా?

జవాబు: ప్యాడ్లు కొత్తవే వేయించండి. పాతవాటికి స్ప్రింగు ఆనిన చోట గాడి పడి అణిగిపోయుంటాయి. రెండు పక్కలా ఒకేలా అణగవు కాబట్టి బండి ఒరుగుతుంది, స్టీరింగ్ తిప్పితే టక్కుమంటుంది. మందంగా ఉన్నవి వేస్తే, ఎంత మందం పెరిగిందో ముందు చక్రాల వైపు దాదాపు అంత ఎత్తూ తిరిగొచ్చేస్తుంది. స్ప్రింగు కొస, అది కూర్చునే సీటులో ఉన్న మెట్టుకి ఆనాలి. స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్‌తో నొక్కి, స్ప్రింగు సీటు మీద వదులయ్యాకే పై నట్టు విప్పాలి, లేదంటే ప్రాణం మీదికొస్తుంది.

జవాబు: బంప్ స్టాపు (డ్యాంపర్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే దిమ్మ) మర్చిపోయారు గురువుగారూ. 30 దించితే డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) అణగడానికి ఉన్న చోటు అంత మేరా తగ్గినట్టే. కొత్త స్ప్రింగులతో వచ్చే కాగితంలో ఎంత రాసుంటే అంతే స్టాపుని కోయాలి, మొత్తం పీకేయొద్దు. కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకి కలిపే చేయి) రబ్బరు బుష్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. జాకీ మీద బిగిస్తే బుష్ మెలిపడి చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అలైన్‌మెంట్. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూడకపోతే టైరు లోపలి అంచు అరిగిపోతుంది.

ప్రశ్నించినవారు: ఎత్తు ఎక్కడ కొలవాలండీ?

జవాబు: చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా, నాలుగు వైపులా, విప్పకముందే రాసుకోండి. నన్నడిగితే 30 వద్దు, 20 చాలు. నలుగురెక్కితే కాలవ వంతెన దిగేచోట పొట్ట గీసుకుంటుంది. నరసాపురం వైపు ఉప్పుగాలిలో తిరిగేదైతే స్ప్రింగు సీటు తుప్పు గీకి, రంగేసి, ఆ తర్వాతే ప్యాడ్ పెట్టించండి.